మాట వచ్చే దారి

సంగారెడ్డి
జూన్, మొదటి వాన తర్వాత

విమల చిన్నమ్మకు,

ఈ పొద్దున నాన్న దుకాణం షట్టర్ ఎత్తేసరికి పాత తరాజు ఒక పక్కకు వంగి ఉంది. రాత్రి పైరేకు కారి ఒక పళ్లెం నిండా నీళ్లు పట్టినయి. నాన్న వాటిని వెంటనే పారబోయలేదు. రెండో పళ్లెంలో రాళ్లు పెట్టి తూచి చూసి, అప్పుడు పారబోసిండు. ఎందుకని అడిగితే, తరాజులో పడ్డదాన్ని తూచకుండా తీసే అలవాటు లేదన్నడు.

నీ చీటీ యాదన్న తెచ్చిండు, కారం డబ్బా కూడా. డబ్బా అమ్మ తీసుకుంది, చీటీ నేను తీసుకున్న.

నాకు అర్థమైంది మళ్లీ రాస్తున్న, తప్పైతే చెప్పు. మీ మందుల ఫ్యాక్టరీ ఆఫీసులో నువ్వు చూసుకునే పాత టెలిఫోన్ బోర్డును దసరా తర్వాత తీసేస్తరు. ఆ జాగాలో ఇంటర్నెట్ మీద నడిచే ఫోన్లు వస్తయి. అవి పెట్టేవాళ్లు ముందుగా ఒకరోజు వచ్చి నీ చేత పని చేయించి చూస్తరు. చేయగలిగితే ఆపరేటర్ కుర్చీ నీకే ఉంటుంది. లేకపోతే ప్యాకింగ్ సెక్షన్‌కు పంపుతరు. అక్కడి జీతంతో తమ్ముడు సుమిత్ కాలేజీ ఫీజు వెళ్లదు.

ఆ ఫోన్ల గురించి నేను డిగ్రీలో ఒక పాఠం చదివిన. సెట్టు మాత్రం ఎన్నడూ చేత్తో ముట్టలేదు. నాకూ తెలుసుకోవాలని ఉంది. అందుకని ఇక్కడే ఒక చిన్న ల్యాబ్ పెడుతున్న. కొత్త పంట వచ్చేదాకా దుకాణం వెనక గది వాడుకోమని నాన్న అన్నడు. బిల్లులు కొట్టే పాత కంప్యూటర్ ఉంది. ఎక్స్చేంజి పని చేసే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. ముత్తంగి దగ్గర ఒక గోదాము ఆఫీసు ఖాళీ చేసినప్పుడు తీసేసిన సెట్లు పాత సామాన్ల దుకాణంలో ఉన్నయట. వాటిలో నడిచేవి ఏరి తెస్తనని యాదన్న అన్నడు.

నేను ఫోన్ ఎత్తనని నీకు తెలుసు. మోగితే చెయ్యి ముందుకు పోదు, ఎత్తినా గొంతు పెగలదు. అందుకని పాఠాలన్నీ ఉత్తరాల్లోనే చెప్తా. యాదన్న ట్రాలీ ఆటో రోజూ నీ వైపు వస్తుంది కదా.

ఒక్క సంగతి మాత్రం ఆపుకోలేక ఇప్పుడే రాస్తున్న. ఈ ఫోన్లలో గంట ఒక దారిలో వస్తుంది, మాట ఇంకో దారిలో వస్తుంది. గంట మోగింది కాబట్టి మాట కూడా వస్తుందని అనుకోవద్దట. ఇది చదివిన తర్వాత నాకు ఇంకో పేజీ సాగలేదు.

భవ్యశ్రీ


పటాన్‌చెరు
జూన్

బిడ్డా భవ్యా,

ఫోన్ మోగితే దాక్కునే పిల్ల ఫోన్ల ల్యాబ్ పెట్టిందని మా మొగులమ్మకు చెప్పిన. మొగులమ్మ అంటే మా ఆఫీసుల చాయ్ ఇచ్చే ఆమె. చేతుల ట్రే టేబుల్ మీద పెట్టి మరీ నవ్వింది. "నీళ్లంటే భయమున్నోళ్లు చెరువు కాంట్రాక్టు పట్టినట్టున్నది" అన్నది. గామెకు నేను ఏం చెప్పినా నవ్వే.

నీకు అర్థమైంది కరెక్టే. నాకు గా సంగతే పరేషాన్. ఇన్నేండ్లు ఒక్క బోర్డు ముందర కూసున్న, ఇప్పుడు ప్యాకింగ్ల నిలబడాల్నంటే మోకాళ్లు కూడా ఊకోవు.

జెర రెండు సంగతులు అడుగుత, చెప్పు. కొత్త సెట్టుకు దీపాలు ఉంటయా? నా బోర్డు మీద లైనుకొక ఎర్ర దీపం ఉన్నది. ఏ దీపం ఎట్ల వెలిగినా నాకు ఎరికే. స్టోర్స్ ఆయనకు ఓపిక లేదు, రిసీవర్ పెట్టుడు తీసుడు, పెట్టుడు తీసుడు. దీపం మిణుకుమిణుకుమంటది. ల్యాబొరేటరీ మేడమ్ మంచిగ ఆగుతది, దీపం నిలకడగ ఉంటది. ఇంకొకటి, సౌండు పెంచే చక్రం ఉంటదా? మా ఆఫీసుల లొల్లి ఎక్కువ. అందుకు అడుగుతున్న.

ఉత్తరాల్లోనే చెప్తనంటివి. నాకు గదే మంచిగుంది.

బావకు, అక్కకు అడిగిన్నని చెప్పు.

నీ చిన్నమ్మ


సంగారెడ్డి
జూలై

విమల చిన్నమ్మకు,

దీపాలు ఉంటయి. అవి ఎర్రగా, పచ్చగా కూడా మారతయి. చక్రం ఉండదు కాని మీట ఉంటుంది, నొక్కితే సౌండు పెరుగుతుంది. దీపాల పక్కనే చిన్న తెర ఉంది, ఎవరు చేస్తున్నరో దాని మీద పేరు పడుతుంది.

ల్యాబ్ తయారైంది. చూస్తే నవ్వుతవు. కంప్యూటర్ పప్పు బస్తాల మీద ఉంది. ఎలుకలు కొరకకుండా వైర్లను మేకులకు వేలాడదీసిన. యాదన్న తెచ్చిన సెట్లలో ఒకటి అసలు వెలగలేదు, ఒకదానికి మీటలు అరిగిపోయినయి, మిగిలినవి మంచివే. గదిలో ఒక మూల నుంచి ఇంకో మూలకు ఫోన్ మోగినప్పుడు హమాలీలు అందరూ వచ్చి నిలబడ్డరు. ఇంత దగ్గరికి ఫోన్ ఎందుకని వాళ్ల అనుమానం.

లోపల ఏం జరుగుతుందో చెప్తా. నువ్వు మాట్లాడితే ఆ మాట చిన్న చిన్న ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకు వరుస నంబరు పడుతుంది. ముక్కలన్నీ విడివిడిగా పోయి, అవతల ఆ వరుసలోనే కూడుకుంటయి. ఆలస్యంగా వచ్చిన ముక్క కోసం సెట్టు కొంచెమే ఆగుతుంది, రాకపోతే వదిలేసి ముందుకు పోతుంది. మనం వినేటప్పుడు ఆ వదిలేసినవి మనకు తెలియవు. తెలియకుండా మనమే పూరించుకుంటమట.

యాదన్న చేతికి ఒక సెట్టు, ఒక చిన్న డబ్బా ఇచ్చి పంపుతున్న. సుమిత్ ఇంట్లో పెట్టిపోయిన ఇంటర్నెట్‌కు డబ్బా తగిలించు. మీటలకు కాగితం అంటించి మీ సెక్షన్ల పేర్లు రాసిన. ఆదివారం పొద్దున ల్యాబ్ నుంచి నీకు ఫోన్ వస్తుంది. ఎత్తి, ఏం వినపడిందో రాసి పంపు.

భవ్యశ్రీ


పటాన్‌చెరు
ఆగస్టు

బిడ్డా,

నువ్వు చెప్పినట్టే తగిలించిన. ఆదివారం దీపం వెలిగింది, తెర మీద సంగారెడ్డి అని పడ్డది. మస్తు సంబరమైంది. ఎత్తి హలో అన్న, భవ్యా అన్న. అవతల ఏం లేదు. మళ్ల పెట్టి మళ్ల ఎత్తిన. గదే తీరు.

నీ డబ్బాల ఏదో తక్కువున్నది, లేకుంటే నువ్వే మాట్లాడలేదు. నీ సంగతి ఎరికే కద. జెర చూడు. దసరా దగ్గర పడుతున్నది. రాజారావు సారు, అదే మా ఆఫీసు మేనేజరు, తయారవుతున్నవా అని రోజూ అడుగుతడు. అయితున్న సార్ అంటున్న.

నీ చిన్నమ్మ


సంగారెడ్డి
ఆగస్టు

విమల చిన్నమ్మకు,

నీ మాట నాకు చక్కగా వినపడింది. వెనక కుక్కర్ కూత కూడా వినపడింది. ఇక్కడి నుంచి కూడా మాట బయలుదేరింది. అంటే మాట ఒక్క వైపే వస్తుంది. చిన్నమ్మా, పుస్తకంలో అన్నిటికన్న ఎక్కువ రాసి ఉన్న జబ్బు ఇదే. ఒకరికి వినపడుతుంది, ఇంకొకరికి వినపడదు. ఇది నా ల్యాబ్‌లో దానంతట అదే వచ్చిందంటే నాకు బాధ కన్న సంతోషమే ఎక్కువైంది, ఏమనుకోకు.

వారం నుంచి దీని వెంటే ఉన్న. ఎక్కువసార్లు తప్పు దారి మధ్యలో ఉండే కాపలా డబ్బాదట. బయటికి పోయే మాటను పోనిస్తుంది, లోపలికి వచ్చే మాటను ఎవరు పిలిచిండ్రని ఆపుతుంది. దాని తలుపులు ఒక్కొక్కటి తెరిచి చూసిన. మాట పోయే దారి మార్చి చూసిన. అన్నం తినేటప్పుడు కూడా ఇదే ఆలోచన అని అమ్మ కోప్పడుతుంది.

ఒక్కటి మాత్రం అర్థం కావడం లేదు. ఎన్ని ముక్కలు అందినయో నీ సెట్టు తనే లెక్క పెట్టి ల్యాబ్‌కు చెప్తుంది. ఆ లెక్క చూసిన. ఇక్కడ బయలుదేరినవన్నీ నీ సెట్టుకు అందినయి. అందినంక ఎటు పోతున్నయి?

సౌండు మీట పైదాకా నొక్కిపెట్టు. ఈ ఆదివారం మళ్లీ ఫోన్ వస్తుంది. ఈ లైను బాగైతే తప్ప నీకు అసలు పని నేర్పలేను. గదికి కొత్త పంట వచ్చే రోజులు కూడా దగ్గరికి వస్తున్నయి.

భవ్యశ్రీ


పటాన్‌చెరు
ఆగస్టు చివర

బిడ్డా,

బాగైంది. నువ్వు ఏం చేసినవో గాని మొత్తం బాగైంది. వన్, టూ, త్రీ అని టెన్ దాక, నీ కాన్వెంటు ఇంగ్లీషుల, నీ గొంతు గంట కొట్టినట్టు వినపడ్డది. సిస్టర్లు మంచిగ నేర్పిండ్రు.

ఇగ పరీక్షలు చాలు. సెట్టు, డబ్బా యాదన్నతోని వాపసు పంపుతున్న, నీకు అక్కడ అక్కరకు వస్తయి. ఏ మీట ఎందుకో కాగితం మీద రాసి పంపు, నేను చూసి నేర్చుకుంట.

చిన్నమ్మ


సంగారెడ్డి
సెప్టెంబర్

చిన్నమ్మా,

ఆ ఆదివారం మాట్లాడింది నేను కాదు. మొదటి ఆదివారం కూడా కాదు.

నేను సెట్టు ముందు కూచున్న. నంబరు నొక్కిన. నీ గొంతు వినగానే నాకు మాట రాలేదు. రెండుసార్లూ నాన్నను పిలిచి కూచోబెట్టిన. ఏం మాట్లాడాలె అని అడిగితే లెక్క పెట్టమన్న. నాన్న లెక్క ఎట్లుంటుందో నీకు తెలుసు. మన దుకాణంలో సరుకు కొలిచేటప్పుడు ఎవరూ ఒకటి అనరు, లాభం అంటరు. నాన్న కూడా లాభం, రెండు, మూడు అనుకుంట బస్తాలు లెక్కపెట్టినట్టే చెప్పిండు. మధ్యలో దగ్గిండు. హమాలీని ఒక మాట తిట్టిండు. నీ బాగోగులు కూడా అడిగిండు.

ఇంగ్లీషు లేదు. నా గొంతు లేదు.

నీ మీద కోపం లేదు. సెట్టు లెక్క మళ్లీ చూసిన, ఈసారి కూడా అన్నీ అందినయి. ఇన్ని రోజులు నేను వెతికిన దారిలో ఎక్కడా తప్పు లేదు.

ఏ చెవి, చిన్నమ్మా? రెండూనా?

సెట్టు, డబ్బా మళ్లీ నీకే పంపుతున్న.

భవ్య


పటాన్‌చెరు
సెప్టెంబర్

భవ్యా,

నీ ఉత్తరం పర్సుల పెట్టుకొని చాన రోజులు తిరిగిన.

ఎడమ చెవి మొత్తం పోయింది. కుడి చెవి పోతున్నది. మొదట్ల జలుబు అనుకున్న. తర్వాత అందరు మెల్లగ మాట్లాడుతున్నరనుకున్న. సుమిత్‌ను కూడా తిట్టిన, నోట్ల నోట్ల గొణగకు అని. వానికి ఇప్పటికీ చెప్పలే.

బోర్డు దగ్గర నాకు చెవితోని పని తక్కువ. ఏ లైను ఏ యాళ్లకు వెలుగుతదో ఎరికే. గేటు దీపం పొద్దున్నే వెలిగితే బస్సు వచ్చిందని. మధ్యాహ్నం స్టోర్స్ దీపం అంటే లారీ. అందరు రోజూ గవే అడుగుతరు. హెడ్‌సెట్టు చక్రం చివరిదాక తిప్పి పెడుత, గట్టిగ మాట్లాడేటోళ్ల మాటలు గంతో ఇంతో అందుతయి. ఎదురుగ వచ్చినోళ్ల పెదవులు చూస్త.

నీ సెట్టుల దోమ గీపెట్టినట్టు వినపడ్డది. నువ్వే అనుకున్న. నువ్వు లెక్కనే పెడతవని, ఇంగ్లీషులనే పెడతవని అనుకున్న. బావను కూసోబెడతవని నాకేం ఎరుక. నువ్వు మాట్లాడక దొరికినవు, నేను వినక దొరికిన.

ఉత్తరాలు మంచిగున్నయని ఎందుకన్ననో ఇప్పుడు నీకు తెలిసింది.

బావకు చెప్పకు. రాజారావు సారుకు తెలిస్తే గా రోజే కుర్చీ పోతది. సుమిత్‌కు ఇంకా రెండేండ్ల చదువు ఉన్నది. నీ డబ్బాల ఏ తప్పు లేదు. నువ్వు ఊకె పరేషాన్ అయినవు.

చిన్నమ్మ


సంగారెడ్డి
సెప్టెంబర్ చివర

చిన్నమ్మా,

ఎవరికీ చెప్పలేదు. నాన్న అడిగితే లైను బాగైందని చెప్పిన.

రెండు చెవుల్లో దూది పెట్టుకొని, పైన నాన్న మఫ్లర్ చుట్టుకొని ల్యాబ్‌లో కూచున్న. అమ్మ వచ్చి జ్వరమా అని నుదురు పట్టి చూసింది. నీకు ఎట్లుంటుందో తెలుసుకోవాలని చేసిన. తెలిసిందని అనను. కాని ఒకటి గమనించిన. మాట మొత్తం ఒకేసారి పోదు. స, శ, త లాంటి సన్నని చప్పుళ్లు ముందు పోతయి. మిగిలినదాంట్లో ఎవరో మాట్లాడుతున్నరని తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నరో తెలియదు.

పాత ఫోన్లు ఆ సన్నని చప్పుళ్లను సగం దారిలోనే కోసేస్తయి. కొత్తవాటిలో వాటిని పూర్తిగా పంపే పద్ధతి ఉంది. ల్యాబ్‌లో అది పెట్టి చూసిన, మఫ్లర్ మీద నుంచి కూడా తేడా తెలిసింది. సౌండు సెట్టులో కాకుండా ఎక్స్చేంజిలోనే పెంచవచ్చు. నీకు పంపిన సెట్టుకు రెండూ చేసి ఉంచిన. మళ్లీ తగిలించు. నాన్న మాట్లాడతడు, లాభం దగ్గర నుంచి.

చెవి మిషన్ ఈఎస్‌ఐ ఆసుపత్రిలో ఇస్తరట. నీ జీతంలో దానికి ఎట్లాగూ కోస్తరు కదా. దరఖాస్తు పెడితే ఆలస్యమవుతుందట, అయినా ఇస్తరట.

ఇంకొక మాట రాయాలె. ఎట్ల రాయాలో తెలియక ఈ ఉత్తరం ఆపిన. మీది మందుల ఫ్యాక్టరీ. మందులు తయారయ్యే రియాక్టర్ దగ్గర ఏదైనా అయితే మొదటి ఫోన్ నీకే వస్తుంది. అది రోజూ వచ్చే ఫోన్ కాదు. ఏ యాళ్లకు వెలుగుతుందో నీకు తెలియదు. ఆ దీపం వెలిగి, అవతలి మనిషి ఏం చెప్తున్నడో నీకు అందకపోతే?

నువ్వే సారుకు చెప్పాలె అనిపిస్తుంది. చెప్పకపోయినా నేను చెప్పను. కంపెనీవాళ్లు వచ్చే రోజు వరకు మీటలు, దీపాలు అన్నీ నేర్పుతా.

భవ్య


పటాన్‌చెరు
అక్టోబర్

భవ్యా,

నువ్వు రాసిన ఆ రియాక్టర్ మాట మళ్ల మళ్ల చదివిన. బోర్డు ముందర కూసుంటే దీపం వెలిగినప్పుడల్లా గదే గుర్తుకొచ్చింది. దసరా సెలవు అయినంక పొద్దున్నే రాజారావు సారు క్యాబిన్‌కు పోయిన, తలుపు పెట్టిన, చెప్పిన.

సారు కుర్చీ నా ముందరికి జరుపుకున్నడు. పెదవులు నాకు కనపడేటట్టు మెల్లగ అడిగిండు.

"ఇన్నొద్దులు ఎట్ల చేసినవమ్మా?"

"దీపాలు చూసి, సార్."

"నేను ఫోన్‌ల చెప్పినయి ఎట్ల తెలిసినయి?"

"మీరు రోజూ ఒక్కటే చెప్తరు సార్."

నవ్వుతడనుకోలే. నవ్విండు. తర్వాత గట్టిగనే కోపానికి వచ్చిండు. నువ్వు రాసినదే ఆయన కూడా అన్నడు, ఏదన్న ప్రమాదమైతే ఎవరిది బాధ్యత అని.

అయినా పరీక్ష పెట్టించిండు. కొత్త ఫోన్ల కంపెనీ నుంచి పిల్లగాడొకడు వచ్చిండు, ఇంజినీరు. ఒకటే తాప అన్ని లైన్లు మోగించిండు. నువ్వు నేర్పినట్టే చేసిన. తెర మీద పేరు చూసుడు, మీట నొక్కుడు, ఒకరిని ఆపి ఇంకొకరికి కలుపుడు. ఇది ఎక్కడ నేర్చుకున్నరు మేడమ్ అన్నడు. సంగారెడ్డిల పప్పు బస్తాల మీద అన్న. సౌండు సంగతి, సన్నని చప్పుళ్ల సంగతి నీ ఉత్తరం తీసి చూపిచ్చిన. చదివి అట్లనే పెట్టిండు. ఇప్పుడు గట్టిగ మాట్లాడినోళ్ల మాట చానమట్టుకు అందుతున్నది.

కాని బయటినుంచి కొత్తోళ్లు చేస్తే మాట దొరకలే. సారు ముందరనే దొరకలే.

ఆఖరికి సారు అన్నది ఇది. ఈఎస్‌ఐ మిషన్ వచ్చేదాక నా పక్కన ఇంకో కుర్చీ వేస్తరు. గా కుర్చీల మనిషి వినాలె, నేను కలపాలె. మనిషిని ఈ నెలల నేనే చూసుకోవాలె. దొరకకుంటే నేను ప్యాకింగ్‌కు పోవాలె. జీతం తక్కువ, మిషన్ వస్తే పని అయిపోతది, గట్లాంటి కొలువుకు ఎవరొస్తరు? మొగులమ్మ తన కోడలును అడిగింది. గామె ప్యాకింగే నయమన్నదట.

నీకు ఎరుకైనోళ్లు ఎవరన్న ఉంటే చెప్పు. నిన్ను అడుగుతలేను. నీ సంగతి నాకు ఎరికే, నేను గట్ల అడిగేదాన్ని కాదు. సెలవులకు ఇంటికొచ్చిన సుమిత్‌కు చెప్పిన. ఏడ్వలే వాడు, మస్తు గట్టిగ మాట్లాడుతున్నడు ఇప్పుడు, ఇంటి పక్కోళ్లకు కూడా అన్నీ తెలుస్తున్నయి.

నీ చిన్నమ్మ


సంగారెడ్డి
అక్టోబర్ చివర

చిన్నమ్మా,

వెనక గదిలోకి సరుకు వస్తుంది. కంప్యూటర్‌ను బిల్లుల బల్ల మీదికి మార్చిన, సెట్లను అటక మీద పెట్టిన. ఒక సెట్టు మాత్రం దుకాణంలో ఉంచమని నాన్న అడిగిండు. నీతో ఆదివారాలు మాట్లాడుడు అలవాటైందట.

ఆ ఇంజినీరు నా ఉత్తరం చదివిండంటే సిగ్గైంది. సంతోషం కూడా అయింది. అతను అట్లనే పెట్టిన తర్వాత ముక్కలు ఏమన్న ఎక్కువగా రాలిపోతున్నయా, తెర మీద చూసి చెప్పు. నాకు ఆ లెక్క కావాలె.

రెండో కుర్చీకి మనిషి దొరికింది. సోమవారం నుంచి వస్తుంది. యాదన్న బండిలో పటాన్‌చెరు దాకా వచ్చి, అక్కడ నీతో పాటు కంపెనీ బస్సు ఎక్కుతుంది. మధ్యాహ్నం అన్నం డబ్బా అమ్మ కట్టి ఇస్తనంది, నీకు కూడా. నేనేనని నీకు అర్థమైంది కదా.

మొగులమ్మ నవ్వుతుందని తెలుసు. నవ్వనీ.

సారును నిన్న పొద్దున అడిగిన. బయట లైను మీద వచ్చి రాజారావు సారు కావాలన్న పిల్లను నేనే. మొదట నీకు వినపడలేదు. "జెర గట్టిగ చెప్పమ్మా" అన్నవు. దుకాణంలో అందరూ తిరిగి చూసేటట్టు చెప్పిన. కలిపినవు.

భవ్య